పిడికిలి విద్య

ముష్టియుద్ధమనగానే పెద్దలు కొందఱు నొసలు ముడుచుదురు. “బడిపిల్లలకు గుద్దులాట నేర్పుటయా?” అని మమ్ము అడిగినవారు పెక్కురు. ఆ ప్రశ్నకు మేము మొదట కొంత గర్వముతో బదులు చెప్పుచుంటిమి. ఇప్పుడు మాత్రము మా తప్పిదమును ముందు చెప్పుకొని, అటుపిమ్మట జవాబు చెప్పెదము. ఉపాధ్యాయుడు తాను నేర్చినది చెప్పుట సులభము. తాను తప్పినది చెప్పుట కష్టము. అయినను రెండవదానివలననే విద్యార్థులకు మేలు ఎక్కువ.

మా భవానీపురము కృష్ణయొడ్డున, ఇంద్రకీలాద్రికి పడమట నున్నది. ఆ కొండమీదనే అర్జునుడు కిరాతునితో పోరాడెననియు, అమ్ములు నిష్ఫలములైన పిదప పిడికిళ్లతోనే తలపడెననియు ఈ ప్రాంతమువారు చెప్పుకొందురు. కావున ముష్టియుద్ధమను మాట మా పిల్లలకు క్రొత్తది కాదు. కాని వారికి ఉత్సాహము కలిగించినది ఆ ప్రాత కథ కాదు. నిజామాబాదు బిడ్డయైన నిఖత్ జరీన్. ఆమె 2022వ సంవత్సరము మే నెలలో ఇస్తాంబుల్ నగరమున 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత యయ్యెను. మరుసటి యేట ఢిల్లీలో 50 కిలోల తరగతిలో మరల గెలిచెను. ఆ నిజామాబాదువాడే యగు మహమ్మద్ హుసాముద్దీన్ 2018లోను 2022లోను కామన్వెల్తు క్రీడలలో కంచు పతకములు సంపాదించెను. ఈ వార్తలు విని మా బడిలో పదిమంది పిల్లలు మాయొద్దకు వచ్చి, తమకును ఆ విద్య నేర్పుమని కోరిరి.

మేము శిక్షణ కళాశాలలో డ్రిల్లుతోపాటు కొంచెము బాక్సింగు నేర్చియుంటిమి. ఆ కొంచెమే చాలునని తలంచితిమి. గోనెసంచిని కృష్ణ యిసుకతో నింపి వేపకొమ్మకు వ్రేలాడదీసితిమి. పిల్లలను వరుసగా నిలువబెట్టి, “గట్టిగా కొట్టుము! ఇంకను గట్టిగా!” అని కేకలు వేయుచుంటిమి. సులభమైన దానినుండి కఠినమైన దానికి పోవలెనని శిక్షణ కళాశాలలో వల్లించిన మేమే, ఆ సూత్రమును ఆటస్థలమున మఱచితిమి.

ఆ పదిమందిలో బలశాలి యొకడు. తొమ్మిదవ తరగతి చదువుచుండెను. తండ్రి నదిలో వల విసరి జీవించువాడు. మా మెప్పుకొఱకు వాడు ఒకనాటి సాయంకాలము మిక్కిలి బలముగా ఆ సంచిని కొట్టెను. ఇసుక అడుగుకు దిగి రాయివలె గట్టిపడియుండెను. వాని మణికట్టు వంగెను. దెబ్బ చిటికెనవ్రేలి ప్రక్క మెటికలమీద పడెను. అరచేతిలో ఆ వ్రేలి మూలమందలి యెముక విరిగెను. బలమున్నవాడు పద్ధతి లేక కొట్టినప్పుడు తరచుగా విరుగునది ఆ యెముకయే యని వైద్యుడు చెప్పగా మేము తల వంచుకొంటిమి. నెలదినములు వాని చేయి కట్టులో నుండెను. తెల్లవారుజామున తండ్రికి పడవలో సాయపడు చేయి అదియే. ఆ నెల ఆ కుటుంబమునకు కలిగిన నష్టము మా కేకలవలన కలిగినదే.

క్షమాపణ వేడుటకు వారి యింటికి పోతిమి. తండ్రి కోపపడి యుండినయెడల మాకు కొంత ఊరటగా నుండెడిది. ఆయన కోపపడలేదు. మమ్ము కూర్చుండబెట్టి, కొడుకు ఎట్లు కొట్టెనో చూపుమనెను. చూపితిమి. ఆయన నవ్వి, “వల విసిరేది చెయ్యి కాదు మాష్టారూ, కాళ్లూ నడుమూను. రేపు పొద్దున రేవుకి రండి” అనెను.

మరునాడు వేకువను పున్నమి ఘాటు దిగువను నిలిచి చూచితిమి. ఆయన విసరువలను మడతలుగా చేతికెత్తుకొని, ఒక పాదము ముందుకు, ఒకటి వెనుకకు నుంచి, మోకాళ్లు కొంచెము వంచి నిలిచెను. వెనుక పాదము నేలను త్రొక్కెను, తుంటి తిరిగెను, తుంటి వెంట భుజము, భుజము వెంట చేయి వచ్చెను. చేయి కడపటిది. అది బలము పుట్టించుటలేదు, వచ్చిన బలమును చేరవేయుచున్నది. అంచున సీసపు గుండ్లు గల ఆ బరువైన వల పళ్లెమువలె విచ్చుకొని నీటిమీద పడెను. ఇన్నియేండ్లు ఆ రేవు ప్రక్కనే నడచిన మాకు ఆనాడు గాని కన్నులు తెఱువబడలేదు.

అటుతరువాత ముష్టివిద్యను అక్షరాభ్యాసమునుండి మరల ఆరంభించితిమి. విద్యార్థుల మేలుకొఱకు ఆ క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట పిడికిలి. నాలుగు వ్రేళ్లను లోనికి మడిచి, బొటనవ్రేలిని వెలుపల, వాని నడిమి కణుపులపై ఆనించవలెను. బొటనవ్రేలు లోపల చిక్కినచో విరుగుటకు సిద్ధముగా నున్నట్లే. దెబ్బ చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఈ రెండింటి పెద్ద మెటికలమీద పడవలెను. ఆ మెటికలు, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో నుండవలెను. గుడ్డపట్టీ చుట్టుకొనక సంచిని తాకరాదు.

రెండవది నిలుకడ. కుడిచేతివాటముగలవాడు ఎడమ పాదము ముందుంచి, పాదములు భుజముల వెడల్పున నుంచి, వెనుక మడమను కొంచెము ఎత్తి నిలువవలెను. గడ్డము వంచి, రెండు చేతులు చెక్కిళ్లయొద్ద నుంచవలెను. వెనుకచేతి దెబ్బకు వెనుక పాదము ముంగాలిమీద తిరుగును. తుంటి, భుజము, చేయి క్రమముగా వెంబడించును. 'జాబ్' అనబడు ముందుచేతి దెబ్బ చిన్నది, తిన్ననిది. దూరమును కొలుచుటకును దారి తెఱచుటకును ఉపయోగపడును.

మూడవది సడలింపు. పిడికిలిని మొదటినుండి బిగించినవాని చేయి బరువెక్కి మెల్లగా పోవును. తాకు క్షణమున మాత్రమే బిగించి, ఊపిరి వదలవలెను. భౌతికశాస్త్రము చదువువారు గమనింతురుగాక: కదలు వస్తువు బరువు రెండింతలైన దాని శక్తి రెండింతలగును, వేగము రెండింతలైన శక్తి నాలుగింతలగును. కావున దేహమును బిగించి మూల్గుటకంటె సడలించి వేగము పెంచుట లాభకరము.

నాలుగవది మరలింపు. పోయిన చేయి పోయిన దారినే చెక్కిలియొద్దకు తిరిగి రావలెను. విసరిన వలను లాగుకొననివానికి చేప దొరకదు. కొట్టి చేయి అచ్చటనే విడిచినవాడు ఎదుటివానికి ద్వారము తెఱచినవాడే. ఇది సాధించుటకు సంచికంటె అద్దము మేలు. నెమ్మదిగా, లెక్కపెట్టుచు, తప్పు లేకుండ పది దెబ్బలు అభ్యసించుట ఆయాసముతో నూఱు కొట్టుటకంటె ఫలవంతము. ఇప్పుడు మా సంచిలో ఇసుక లేదు. ప్రాత బట్టల పేలికలున్నవి. మా పిల్లలు ఒకరి తలను ఒకరు కొట్టరు. మేము చేతులకు తొడుగుకొను మెత్తని దిండ్లనే కొట్టుదురు. మెదడునకు తగిలిన దెబ్బ కట్టు కట్టినంత మాత్రమున మానునది కాదు.

ఔత్సాహికుల పోటీలలో జయము ఎదుటివాడు కూలుటచేతనే కలుగదు. చుట్టును కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలు శుభ్రముగా తాకిన దెబ్బలను గమనింతురు. ఇస్తాంబుల్ తుదిపోరులో ఆ ఐదుగురును నిఖత్ పక్షమునే తీర్పు చెప్పిరి. అంతకు అయిదేండ్లు ముందు, 2017లో, ఆమె భుజమునకు గాయమై ఆటకు దూరముగా నుండవలసి వచ్చెను. 2024లో పారిస్ ఒలింపిక్సున ఆమె చైనా దేశపు వూ యూ చేతిలో ఓడెను. ఆ వూ యూయే స్వర్ణము గెలిచెను. గాయమును ఓటమియు ఎంతటివారికైనను తప్పవని మా పిల్లలకు చెప్పుచుందుము.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయమున, గాలిలో గుద్దులు విసరువానివలె తాను పోరాడనని చెప్పి, తన శరీరమునే లోబరచుకొందునని వ్రాసెను. అచ్చటి గ్రీకు మాటకు కంటి క్రింద గుద్దుట యని మూలార్థము. ఆ వచనమును మేము పిల్లలకు ఎన్నిమారులో బోధించితిమి. గుఱిలేని దెబ్బను గూర్చిన ఆ హెచ్చరిక, గుఱిలేక కేకలు వేయు ఉపాధ్యాయునికిని వర్తించునని ఆ బాలుని చేయి విరిగినపిదప గ్రహించితిమి.

ఆ బాలుడు చేయి మానిన తరువాత మరల వచ్చెను. మేము పిలువలేదు, పిలుచుటకు మాకు ధైర్యము చాలలేదు. తండ్రియే వెంటబెట్టుకొని వచ్చెను. మూడు నెలలు వానిచేత గట్టిగా కొట్టింపనే లేదు. పిమ్మట నొకనాడు మా అరచేతి దిండుమీద వాడు వెనుకచేతితో ఒక దెబ్బ వేసెను. పెద్ద ప్రయాస కనబడలేదు. చిటుక్కున ధ్వని మాత్రము వినబడెను. చేయి అప్పుడే చెక్కిలియొద్దకు తిరిగి చేరెను. ప్రక్కన నిలిచిన తండ్రి, “ఇప్పుడు వల విచ్చుకుంది మాష్టారూ” అనెను.

బడిపిల్లలకు గుద్దులాట ఏల యని అడుగువారికి ఇదే మా జవాబు: సరిగా కొట్ట నేర్చినవాడు ఎక్కడ నిలువవలెనో, ఎంత బలము చాలునో, చేయి ఎప్పుడు వెనుకకు తీయవలెనో నేర్చును. ఇవి నేర్వని పిడికిలి ముందుగా తన్ను తానే గాయపరచుకొనును. మేము ఆ పాఠమును ఒక బాలుని యెముక వెలతో నేర్చితిమి. మా విద్యార్థులును, మావంటి ఉపాధ్యాయులును అంత వెల చెల్లింపకయే దీనిని నేర్తురుగాక.