కెంచనగుడ్డలో ఇంగ్లీషు ఎవరి సొత్తు?

ఈ ఊరి పేరు వినగానే తెలుగువాళ్ళకు బట్టల కొట్టు గుర్తొస్తుంది. మనకు గుడ్డ అంటే బట్ట, కన్నడంలో గుడ్డ అంటే కొండ. కెంచ అంటే ఎర్రగా ఉండేవాడు. వెరసి కెంచడి కొండ అన్నమాట. నేను సిరుగుప్పలో బ్రాంచి మేనేజరుగా ఉన్న రోజుల్లో కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన క్యాషియరు ఒకాయన, "అక్కడ నేత చీరలు దొరుకుతాయాండీ, మా ఆవిడ అడగమంది" అన్నాడు. పాపం, ఆయన అక్కణ్ణుంచి తెచ్చుకున్నది ఒక బస్తా సోనా బియ్యం.

బళ్ళారి నుంచి ఉత్తరంగా సిరుగుప్ప దారి పడితే ఎండిన కొండలు వెనకబడి నల్లరేగడి మొదలవుతుంది, ఆ తరువాత వరిమడులు. తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ. ఆ సీమలోని సిరుగుప్ప, దేశనూరు కాలువలు విజయనగర రాజుల నాటివి. తుంగభద్ర డ్యాము వచ్చాక కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి ఈ ఆయకట్టులో భూములు కొన్నారు, 'క్యాంపు'లు కట్టుకున్నారు. సంక్రాంతికి ఆ క్యాంపుల్లో ముగ్గులు చూస్తే ఏ తణుకులోనో ఉన్నామనిపిస్తుంది.

నది అవతలి గట్టు రాయచూరు జిల్లా. 1948 దాకా అది నిజాం రాజ్యం. ఇవతలి గట్టు మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. ఇవతలివాడు కోర్టుకెళితే ఇంగ్లీషు, అవతలివాడు వెళితే ఉర్దూ. ఒకే నదిలో ఈతకొట్టినవాళ్ళకు కచేరీ భాషలు వేరు! 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వెళ్ళాయి. సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత గీసినవాళ్ళు వంటిళ్ళలోకి తొంగిచూడరు కదా. ఇప్పటికీ చాలా ఇళ్ళలో తెలుగు, వీధిలో కన్నడం. "ఊట ఆయెనా?" అని సగం అదీ సగం ఇదీ కలిపి పలకరిస్తారు. వింటే ఆకలేస్తుంది.

పోయిన సంక్రాంతి తరువాత అక్కడికి వెళ్ళడానికి కారణం నా పాత ఖాతాదారు ఒకాయన. ఆయన పంట రుణం గడువు దాటడం నా నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. బ్యాంకువాడి నోట ఇంతకంటే పెద్ద పొగడ్త రాదు. అలాంటి మనిషి ఫోను చేసి, "సార్, పొలం మీద మూడు లక్షలు పుడతాదా? పాపను పంపించాల" అన్నాడు. పెళ్ళేమో అనుకున్నాను. కాదు, ఉద్యోగానికి విదేశం పంపడానికట. నేను వచ్చేదాకా ఎవరికీ రూపాయి ఇవ్వొద్దని చెప్పి బయలుదేరాను.

అమ్మాయి ఎం.ఎ. ఇంగ్లీషు, బి.ఎడ్. పదో తరగతి దాకా ఊళ్ళో కన్నడ మాధ్యమమే. మూడేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతోంది. విదేశాల్లో ఇంగ్లీషు టీచర్లు కావాలన్న ప్రకటనలకు ఏడాదిపాటు దరఖాస్తులు పెట్టింది. ఒకచోట ఫోనులో ముప్పావు గంట మాట్లాడి, చాలా బాగుందన్నారట. పాస్‌పోర్టు కాపీ పంపమన్నారు. పంపింది. అంతే, ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. ఇంకోచోట నుంచి మర్నాడే జవాబు వచ్చింది, 'నేటివ్ స్పీకర్లు మాత్రమే' అని.

"నేటివ్ అంటే ఏంది సార్, మేమూ ఈడ నేటివ్ కాదా?" అన్నాడు తండ్రి. ఆయనకు తెలిసిన నేటివ్, తహసీల్దారు ఇచ్చే నేటివిటీ సర్టిఫికెట్టు.

ఆయన అమాయకంగా అడిగాడు కానీ అసలు సంగతి కూడా అదే. ఇక్కడ నేటివ్ అనేది నాలుకకు సంబంధించింది కాదు, పాస్‌పోర్టుకు సంబంధించింది. దక్షిణ కొరియానే చూడండి. భాష నేర్పేవాళ్ళకిచ్చే ఈ-2 వీసా, ఇంగ్లీషు విషయంలో ఏడు దేశాల పౌరులకు ఉద్దేశించింది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. దక్షిణాఫ్రికాలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు పదోవంతు కూడా లేరు. అయినా జాబితాలో ఉంది. మన దేశం లేదు. అయితే 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందంలో మనవాళ్ళకు ఒక చిన్న కిటికీ తెరిచారు. తగిన పట్టా, బోధనార్హత ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా వెళ్ళవచ్చు. కాగితం మీద దారి ఉందన్నమాట. ఆ దారిన నడిచినవాళ్ళు మాత్రం నాకింతవరకు తారసపడలేదు.

అవతలి వాళ్ళ వాదన కూడా చెప్పాలి. ఫీజు కట్టే తల్లిదండ్రులు దొరల ఉచ్చారణ కావాలంటారు, నడిపేవాడు వ్యాపారి కనుక సరేనంటాడు. మన నాలుకకూ లోపాలు లేకపోలేదు. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ ఇంగ్లీషులో మొదటి అక్షరం వేరు, పలుకు వేరు. మనకు రెండూ 'వైన్' ఒక్కటే. ఈ పిల్ల మాత్రం అద్దం ముందు నిలబడి పెదవులు చూసుకుంటూ ఆ తేడా పట్టింది. నన్ను కూడా పలకమంది. నేను పలికాను. నవ్వి ఊరుకుంది.

తరువాత ఆ అమ్మాయి చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "అంకుల్, 'ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే' అని మన పిల్లలంతా రాస్తారు. ఎందుకు రాస్తారో నాకు తెలుసు, ఎనిమిదో తరగతిలో నేనూ అట్లే రాసినాను కదా. పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్ళు అది తప్పని చెప్పగలరు. ఎక్కడ కాలు జారిందో నేను చూపించగలను."

ఆ పిల్ల ఒక్కతే అంటున్న మాట కాదిది. అమెరికాలోని టెసోల్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘం, నేటివ్ కాదన్న కారణంతో టీచర్ల మీద వివక్ష చూపడం కూడదని 2006లో ప్రకటించింది. ప్రకటన ప్రకటనే, కొలువు కొలువే.

మన వైపు కథ తిరగేస్తే తమాషాగా ఉంటుంది. 1820లో కడపకు వచ్చి, మన పండితుల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్‌ను 1865లో లండన్ విశ్వవిద్యాలయం తెలుగు ఆచార్యుడిగా వేసుకుంది. ఆయన తల్లి తెలుగామెనా అని ఎవరైనా అడిగారా? ఇదే బళ్ళారికి 1810లో వచ్చిన జాన్ హ్యాండ్స్ అనే మిషనరీ కన్నడం నేర్చుకుని బైబిలునే ఆ భాషలోకి దించాడు. ఇక మన బళ్ళారి రాఘవగారు తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు నాటకాలన్నిటిలో రంగమెక్కినవారు.

ఇక మూడు లక్షల సంగతి. బళ్ళారిలో ఒక ఏజెంటు దొరికాడట. వాడి లెక్క: 'నేటివ్ స్థాయి' 120 గంటల కోర్సుకు 60,000, వీసా ఖర్చులు 40,000, మిగిలిన రెండు లక్షలు 'అక్కడివాళ్ళకు'. ఎక్కడివాళ్ళకో చెప్పడు. నేను కామర్సు చదివినవాణ్ణి, అంకెలు చూస్తే చేతులు ఊరుకోవు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము 30,000. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు నంబరు ఉండాలి, అది సర్కారు ఈ-మైగ్రేట్ జాబితాలో కనబడాలి. ఏజెంటుకు ఫోను చేసి ఆ నంబరు అడిగాను. రెండు నిమిషాల్లో చేస్తానని పెట్టేశాడు. ఆ రెండు నిమిషాలు ఇంకా కాలేదు.

తండ్రి కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. పొలం రెండున్నర ఎకరాలు. తుంగభద్ర నీళ్ళు ఆలస్యమైన ఏడు రెండో పంటే ఉండదు. అలాంటి భూమి మీద, దేశమే తేలని ఉద్యోగానికి మూడు లక్షలు!

ఉన్న దారులు కాగితం మీద రాసిచ్చాను. గల్ఫులో మన సి.బి.ఎస్.ఇ. బడులున్నాయి, అక్కడ బి.ఎడ్. చూస్తారు, పాస్‌పోర్టు రంగు చూడరు. జీతం మాత్రం దొరల బడులకంటే తక్కువ. మాల్దీవుల బడుల్లో మన దేశపు టీచర్లు ఎప్పటినుంచో ఉన్నారు. డిగ్రీ కాగితాలకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ ముందే చేయించి పెట్టుకోవడం మంచిది. ఉద్యోగం రాకపోయినా ఆ ముద్ర పాడవదు.

భోజనాల దగ్గర అమ్మాయి మేనత్త కలిసింది. అలసంద వడలు, గుత్తివంకాయ. ఆవిడ కొన్నేళ్ళు పరాయి రాష్ట్రంలో పెద్ద ఊళ్ళో ఉండి వచ్చింది. అక్కడ మన సంఘంలాంటిదే ఒకటి, పిల్లలకు ఆదివారం తెలుగు నేర్పేవాళ్ళు కావాలంటే వెళ్ళిందట. పోతన పద్యాలు నోటికి వచ్చినావిడ. "మీది ఏ ఊరండీ" అన్నారట. చెప్పింది. "మీ తెలుగులో కన్నడం వాసనొస్తుంది, పిల్లలకు అలవాటైపోతుందేమో" అని టీ ఇచ్చి పంపేశారు. చివరికి ఎవరిని పెట్టుకున్నారని అడిగాను. "గుంటూరాయన సార్. రెండు వారాలు వచ్చినాడంట" అంది. ఆ సంఘం పేరు నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మన పత్రిక చదివే ఊళ్ళలో ఆదివారం తరగతులు నడిపేవాళ్ళున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మార్చిలో ఆ అమ్మాయి ఫోను చేసింది. మాల్దీవుల్లో ఒక బడివాళ్ళు ఫోను తెర మీదే పది నిమిషాలు పాఠం చెప్పమన్నారట. నిన్నటికీ ఇంతకుముందుకీ తేడా, అదే పాఠం చెప్పింది. ఫలితం ఇంకా రాలేదు. ధ్రువీకరణకు, కొరియరుకు అయిన ఖర్చు తన జీతంలోంచే పెట్టుకుంది. వాళ్ళ నాన్న పొలం కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. కాలువకు నీళ్ళు వస్తున్నాయట.