సరస్సు ఒడ్డున రెండో పాఠం

కింద రేవులో ఇనుప ఖనిజం నింపుకొని నింపాదిగా కదిలే ఓడలు. పైన కొండ మీంచి రయ్యిమంటూ లేచే బుల్లి విమానాలు! అమెరికాలోని మినెసోటా రాష్ట్రం, డులూత్ నగరంలో కనిపించే దృశ్యమిది. ఊరిని ఆనుకునే సుపీరియర్ సరస్సు... విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు. ఓడ వస్తే చాలు, రేవు ముఖద్వారంలోని ఇనుప వంతెన అమాంతం పైకి లేచి దారిస్తుంది. అది చూడ్డానికే పర్యటకులు గుమిగూడతారు. విమానాశ్రయం సరస్సుకు దాదాపు 800 అడుగుల ఎత్తున ఉంటుంది. నీటి మీంచి వచ్చే పొగమంచు ఒక్కోసారి దాన్ని కప్పేస్తుంది.

సిరస్ విమానాల కంపెనీ 1994లో ఇక్కడికి చేరింది. దాని ఎస్ఆర్22 ఇంజిన్ శక్తి 310 గుర్రాలు. మన బేగంపేటలోనూ శిక్షణకు వాడిన సెస్నా 152కి ఉండేది 110! అమెరికాలో ఇంజిన్ 200 గుర్రాలు దాటితే లైసెన్సున్న పైలట్ కూడా మళ్లీ శిష్యుడే. శిక్షకుడు ఫరవాలేదని లాగ్‌బుక్‌లో సంతకం చేయాల్సిందే. ఇన్ని గంటలని నిబంధన లేదు, ఆయనకు నమ్మకం కుదిరేదాకా అంతే.

ఇబ్బంది ఎక్కడంటే... సెస్నా 172 గంటకు 220 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఎస్ఆర్22 దాదాపు 330. మినియాపొలిస్ నుంచి డులూత్‌కు గంట పైన పట్టే ప్రయాణం ముప్పావు గంటలో అయిపోతుంది. ఆలోచించుకునే వ్యవధీ అంతే తగ్గుతుంది. విమానం ముందెళ్లిపోతే పైలట్ బుర్ర వెనకాల పరిగెడుతుంది. పాత అలవాటుతో ఆలస్యంగా వేగం తగ్గిస్తే చక్రాలు నేలకానవు, రన్‌వే మీద తేలుతూ పోతుంది. సరే మళ్లీ లేద్దామని ఒక్కసారిగా ఇంజిన్ శక్తి పెంచితే ముక్కు ఎడమకు లాగుతుంది. అప్పుడు కుడి కాలు బలంగా నొక్కాలి. శిక్షణ విమానంలో ఈ పొరపాటును చాలాసార్లు విమానమే క్షమిస్తుంది. ఇక్కడ అంత తక్కువ ఎత్తులో రెక్క వాలిందంటే సరిదిద్దుకునే సమయం దొరకదు.

సిరస్‌లో ఒక విశేషముంది. విమానం మొత్తాన్ని మోసే పారాచూట్! కంపెనీ స్థాపించిన సోదరుల్లో ఒకరైన అలన్ క్లాప్‌మైయర్ విమానం 1980ల్లో గాల్లో మరో విమానాన్ని ఢీకొంది. ఆయన ఎలాగో దిగగలిగారు, అవతలి పైలట్ మరణించాడు. ఆ అనుభవమే దీనికి పునాది. 1999లో పారాచూట్ లేని పరీక్ష విమానం కూలి కంపెనీ టెస్ట్ పైలట్‌ను డులూత్‌లోనే పోగొట్టుకుంది. 2002లో టెక్సాస్‌లో ఐలెరాన్ ఊడిన ఎస్ఆర్22 గొడుగు కింద నేలకు దిగింది, పైలట్‌కు ఏమీ కాలేదు.

అయినా తొలి ఏళ్లలో ప్రాణనష్టం ఆశించినంత తగ్గలేదు. పారాచూట్ ఉందన్న ధీమాతో వెళ్లినవాళ్లే అవసరమైనప్పుడు హ్యాండిల్ లాగడం మరిచారు! చేతిలో విద్య ఉన్నవాడికి నా వల్ల కావడం లేదని ఒప్పుకోవడం అంత తేలిక కాదు మరి. అందుకే యజమానుల సంఘం, కంపెనీ కలిసి శిక్షణలో లాగడాన్నే పదేపదే సాధన చేయించాయి. ఆ తర్వాత మరణాలు బాగా తగ్గాయి.

ఇటీవలి ఏళ్లలో కొత్త యజమానుల శిక్షణ ఎక్కువగా టెనెస్సీలోని నాక్స్‌విల్‌కు మారింది. విమానాలు మాత్రం డులూత్‌లోనే రూపుదిద్దుకుంటున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు తల పైనున్న ఎర్ర హ్యాండిల్‌కు ఉన్న పిన్ను తీస్తారు. లేచాక, పారాచూట్ పనికొచ్చే ఎత్తు దాటగానే ఆ మాట పైకే చెబుతారు, పక్క సీట్లో ఎవరూ లేకపోయినా.