జరగని గది: జహీరాబాద్ దారిలో ఒక చక్రాల ఇల్లు

హైదరాబాద్ నుండి పడమటి దిశగా సాగే ప్రయాణికునికి సదాశివపేట దాటిన కొంతసేపటికి నేల రంగు మారుతున్నట్లు తెలుస్తుంది. నల్లరేగడి వెనుకబడి ఎర్రమట్టి ఎదురవుతుంది. ఇళ్ల గోడల మీద, చెట్ల ఆకుల మీద, లారీల చక్రాల మీద ఆ ఎరుపే. సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం ముగిసేసరికి జహీరాబాద్ వస్తుంది. పుణె నుండి మచిలీపట్నం వరకు సాగే 65వ జాతీయ రహదారి మీది ఊరు ఇది.

ఇది సరిహద్దు ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాద్ తాలూకా, నిర్ణా భాగం మినహా, బీదర్ జిల్లా నుండి విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. తరువాత చాలాకాలం మెదక్ జిల్లాలో ఉండి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో భాగమయింది. పటం మీద గీత మారింది గాని బంధుత్వాలు మారలేదు. ముప్పై కిలోమీటర్ల దూరంలోని బీదర్‌కు ఇక్కడి ఆడపిల్లలు కోడళ్లుగా వెళుతూనే ఉన్నారు, అక్కడి ఆడపిల్లలు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ ఒకే చాయ్ దుకాణంలో వినబడతాయి.

ఈ ఊరికి మరొక గుర్తింపు కూడా ఉంది. ఇది యంత్రాల ఊరు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి ఇక్కడ తేలికపాటి లారీల కర్మాగారాన్ని నెలకొల్పింది. క్యాబ్‌స్టార్ అనే బండ్లు ఇక్కడే తయారయ్యేవి. తరువాత అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. 2013లో ట్రాక్టర్ల కర్మాగారం కూడా మొదలయింది. కర్మాగారాలతో పాటు రహదారి పొడవునా షెడ్లు వెలిశాయి. ట్రాక్టరు హైడ్రాలిక్కులు విప్పేవారు, లేత్ మిషన్ మీద ఇనుము తరిగేవారు, బ్యాటరీలు ఛార్జి చేసేవారు, వెల్డింగు చేసేవారు వరుసగా కనిపిస్తారు. మా మదరసాలో చదివే పిల్లలలో ఎందరో ఈ షెడ్లలో చెమటోడ్చే తండ్రుల బిడ్డలే.

ఇల్లును వెంటబెట్టుకొని తిరగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చెరకు కోతల కాలంలో మరాఠ్వాడా కూలీ కుటుంబాలు గిన్నెలు, పరుపులు, పసిపిల్లలతో సహా సంసారమంతా బండికెత్తుకొని కదులుతాయి. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు సంక్రాంతి వేళ పాత పంటల విత్తనాలను అలంకరించిన ఎడ్లబండ్లలో ఊరూరా తిప్పుతారు. ప్రయాణ దినాన తేలికగా మోసుకుపోగలిగే తోలు గుడారాలను దివ్యఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరాలో దైవానుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్నది. మనిషికి నీడ కావాలి, ఆ నీడ కదలాలి కూడా. ఈ రెండు కోరికలను కలపడానికి ప్రతి కాలమూ తనదైన ఉపాయం వెదికింది.

మన కాలపు ఉపాయం మోటార్‌హోమ్. మన వైపు దీనిని కారవాన్ అంటున్నారు. సినిమా తారల విశ్రాంతి బండ్లుగా, నాయకుల యాత్రా వాహనాలుగా మనం వీటిని చూశాము. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు సెలవులలో వీటిని అద్దెకు తీసుకొని ఇంటిల్లిపాదీ ప్రయాణిస్తున్నారు. ఈ బండికి ఒక సహజమైన ఇరుకు ఉంది. అమెరికాలో ముఖ్య రహదారుల మీద వాహనం వెడల్పు 102 అంగుళాలు మించరాదు. మన నిబంధన కూడా ఇంచుమించు అంతే. ఆ వెడల్పులో మంచం, వంటగట్టు, నడిచే దారి అమరవు. అందుచేత బండి ఆగిన తరువాత గోడలో ఒక భాగం, నేలతో కప్పుతో సహా, పెట్టెలోని సొరుగు వలె బయటకు జరిగే ఏర్పాటు చేశారు. దానినే స్లైడ్ అవుట్ అంటారు. ఇండియానా రాష్ట్రంలోని న్యూమార్ సంస్థ 1990లో మోటార్‌హోమ్‌లకు దీనిని అమర్చింది. సొరుగు తీస్తే గది, మూస్తే బండి. సొరుగు మూసుకోకపోతే మాత్రం ఆ ఇల్లు కదలదు.

అటువంటి సందర్భమొకటి మా ఊరి దారిలోనే ఎదురయింది. తొలకరి రోజులు. హైదరాబాద్ నుండి ఒక కుటుంబం అద్దె కారవాన్‌లో బీదర్‌కు బయలుదేరింది. నడుము విరిగి కూర్చోలేని స్థితిలో ఉన్న తల్లిగారికి బీదర్ పుట్టినిల్లు. మహ్మూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా పక్క వీధిలో ఆమె బాల్యం గడిచింది. ఒక్కసారి ఆ వీధి చూడాలని ఆమె కోరిక. పడుకొని వెళ్లగలిగే బండి ఇదొక్కటే కనుక కొడుకులు దీనిని ఎంచుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి మా ఊరి ధాబా వద్ద ఆగి, తల్లిగారికి గాలి ఆడాలని ఆమె మంచమున్న గదిని బయటకు జరిపారు. తిరిగి లోపలికి జరపబోతే అది రాలేదు. ఒక పక్క నాలుగు వేళ్లంత కదిలి, రెండవ పక్క కదలక, గది వంకరగా నిలిచిపోయింది. పడమట మబ్బు కమ్ముతోంది. రబ్బరు పట్టీ వద్ద ఏర్పడిన సందులో నుండి వాన నేరుగా ఆ మంచం మీదనే పడుతుంది.

ఆ కుటుంబంలోని చిన్న కుమారుడు ఒకప్పుడు నా విద్యార్థి. కబురందుకొని నేను వెళ్లేసరికి పదిమంది యువకులు భుజాలు ఆనించి గదిని నెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ట్రాక్టరు తెచ్చి నెట్టిద్దామని మరొకరు అంటున్నారు. అప్పటికే ఎవరో పిలిపించిన ముసలి ఉస్తాద్, ట్రాక్టర్ల పనిలోనే జుట్టు నెరిసినవాడు, చేయెత్తి వారిని ఆపాడు.

“భాయ్, అది ఎందుకు ఆగిందో ముందు చెప్పండి. తెలియకుండా నెడితే ఇప్పుడు రాని గది ఇక ఎప్పటికీ రాదు” అన్నాడు.

ముందుగా తల్లిగారిని మంచంతో సహా జాగ్రత్తగా దింపించి ధాబా లోపల పడుకోబెట్టించాడు. తరువాత బండి సమంగా నిలిచిందో లేదో చూశాడు. ఒక చక్రం మెత్తటి మట్టిలో దిగి ఉంది. దాని కింద పలక పెట్టించి సరిచేశాడు. అప్పుడు మీట నొక్కించి చెవి ఒగ్గాడు.

“మోటారు అరుస్తోందా, మూలుగుతోందా, మౌనంగా ఉందా? డాక్టరు నాడి చూసినట్టే ఇది కూడా, మౌలానా” అన్నాడు నా వైపు తిరిగి.

ఆ మాటలో ఉన్న శాస్త్రాన్ని తరువాత ఆయనే విడమరిచి చెప్పాడు. మోటారు పూర్తిగా మౌనంగా ఉంటే లోపం కరెంటు దారిలో ఉంటుంది. ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చు, తీగ ఊడి ఉండవచ్చు, లేదా పార్కింగ్ బ్రేకు వేయనిదే గది కదలకుండా చేసే రక్షణ ఏర్పాటు అడ్డుపడి ఉండవచ్చు. మూలుగుతూ ఆగిపోతే బ్యాటరీ బలహీనమై ఉంటుంది, లేదా గదికి ఏదో అడ్డం పడి ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.6 చూపాలి. బరువు పడినప్పుడు అది బాగా పడిపోతే మోటారుకు సత్తువ చాలదు. మోటారు హాయిగా తిరుగుతూ గది మాత్రం కదలకపోతే మధ్యలో బలాన్ని అందించే పళ్ల చక్రమో, పిన్నో తెగిందన్నమాట.

ఆ బండిలో రెండు లోపాలు కలిసి ఉన్నాయి. నేల కింద రెండు పళ్ల పట్టీలు, వాటి మీద తిరిగే రెండు పళ్ల చక్రాలు, రెంటినీ కలిపే ఒక ఇనుప కడ్డీ ఉన్నాయి. ఒక పట్టీలో తల్లిగారి ఊతకర్ర అడుగున ఉండే రబ్బరు బుడిపె ఊడిపడి ఇరుక్కుంది. దాని చుట్టూ గ్రీజు, ఎర్రదుమ్ము కలిసి గట్టిపడి ఉన్నాయి. ఆ పక్క చక్రం ఆగిపోగా, దానిని కడ్డీకి బిగించే చిన్న పిన్ను తెగిపోయింది.

పెద్ద కుమారుడు ఆవేదనగా, “ఇంత ఖరీదైన బండికి ఇంత బలహీనమైన పిన్ను పెడతారా?” అన్నాడు.

ఉస్తాద్ నవ్వాడు. “తెగడానికే పెట్టారు, భాయ్. అది తెగబట్టే పళ్లు మిగిలాయి.”

అడ్డును తీసి, పళ్లను బ్రష్షుతో శుభ్రం చేసి, పిన్ను కొలత తీసుకొని లేత్ షెడ్డుకు మనిషిని పంపాడు. గట్టి ఉక్కు బోల్టు వేస్తే మళ్లీ తెగదు గదా అని ఎవరో సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. పాతదాని వంటి మెత్తటి ఇనుముతో, అదే మందంతో చేయించాడు. గది వంకరను చేతి హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా తిప్పి సరిచేశాడు. రెండు మూలల వద్ద ఇద్దరిని కాపలా ఉంచి, ఇంజను నడుపుతూ మీట నొక్కించాడు. తొలి చినుకులు పడుతుండగా గది లోపలికి వెళ్లి సరిగ్గా అమరింది. మగ్రిబ్ తరువాత తల్లిగారు బీదర్ దారి పట్టారు.

ఇటువంటి బండిలో పెద్దలను, పిల్లలను తీసుకువెళ్లేవారు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. బండిని అందుకునే సమయంలోనే గదిని ఒకసారి పూర్తిగా తెరిపించి, మూయించి చూడాలి. చేతితో తిప్పే హ్యాండిల్ ఎక్కడుందో, దానిని ఎక్కడ అమర్చాలో, మోటారు పట్టును ఎలా వదిలించాలో అడిగి నేర్చుకోవాలి. కొన్ని బండ్లలో గది హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో కదులుతుంది, మరికొన్నింటిలో తీగతాళ్లతో కదులుతుంది. ప్రతిదానికీ వేరు పద్ధతి ఉంటుంది కనుక ఆ బండి పుస్తకం ఆ బండిలోనే ఉండాలి. గదిని జరిపే ముందు నేల మీద, బయట గోడ వద్ద ఏమీ లేదని చూసుకోవాలి. జరుగుతున్నంతసేపు ఎవరూ ఆ దారిలో నిలబడకూడదు, పిల్లలు అసలే ఉండకూడదు. ఒక పక్క కదిలి రెండవ పక్క ఆగితే వెంటనే మీట వదలాలి. మోటారు వేడెక్కి ఆగితే చల్లబడేవరకు వేచి ఉండాలి. మన దుమ్ము దారులలో పళ్ల పట్టీలకు జిగట గ్రీజు దట్టంగా పూయడం కంటే, తయారీదారు చెప్పిన పొడి రకపు లూబ్రికెంట్ వాడటం మేలు. రబ్బరు పట్టీలకు పెట్రోలు, కిరోసిన్ తగలనీయరాదు. గది పూర్తిగా మూసుకోనంతవరకు బండిని రోడ్డు మీదికి ఎక్కించనే కూడదు.

ఆనాడు ఆ పదిమంది యువకుల భుజబలానికి లోటు లేదు, వారి సదుద్దేశానికీ లోటు లేదు. వారు నెట్టి ఉంటే పళ్లు విరిగేవి, గది గోడ చీలేది, ఆ తల్లి బీదర్ చూడకుండానే వెనుదిరిగేది. సబ్ర్ అంటే చేతులు కట్టుకొని కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. కారణం తెలిసేవరకు బలాన్ని ఆపి ఉంచి, తెలిసిన తరువాత తగినంతే వాడటం కూడా సబ్రే. జహీరాబాద్ షెడ్లలో చదువు అంతగా లేని మనుషులు దీనిని రోజూ ఆచరిస్తున్నారు. ఆ దారిన వెళ్లేవారు వారి పనిని కాసేపు నిలబడి చూడవలసిందే. మా మదరసా పిల్లలను నేను అప్పుడప్పుడు అందుకే అక్కడికి తీసుకువెళుతున్నాను.