ఆర్యపల్లి ఒడ్డున ఒక చమురు లెక్క

బరంపురంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా మనం చూపించేవి మూడే. పొద్దున తారాతారిణి కొండ, సాయంత్రం గోపాలపూర్ సముద్రం, మర్నాడు చిలక సరస్సు. ఆర్యపల్లికి ఎవరూ తీసుకువెళ్ళరు. నేనూ ఉద్యోగం పని మీద వెళ్ళినవాణ్ణే తప్ప చూడడానికని ఎన్నడూ వెళ్ళలేదు. 2025 అక్టోబరు 12, ఆదివారం నాడు మొదటిసారి పనేమీ పెట్టుకోకుండా వెళ్ళాను.

దారి కష్టమైనదేమీ కాదు. జాతీయ రహదారి మీద ఛత్రపురం దాకా ఇరవై కిలోమీటర్ల బస్సు ప్రయాణం. అక్కడ తంపర సరస్సును ఒక్కసారి చూసుకుని, ఆటో మాట్లాడుకుని సముద్రం వైపు తిరగాలి. దారికి ఇరుపక్కలా సరుగుడు తోటలు, మొగలి డొంకలు. గంజాం మొగలి అత్తరుకు దేశమంతటా పేరుంది. పూలు కోసే రోజుల్లో వెళితే గాలే అత్తరులా ఉంటుంది. ఆ పైన కేంద్ర ప్రభుత్వం వారి ఇసుక కర్మాగారం వస్తుంది. ఇండియన్ రేర్ ఎర్త్స్ అని 1950లో పుట్టిన సంస్థ ఇక్కడి తీరపు ఇసుక నుంచి ఇల్మనైటు, జిర్కాన్, మోనజైటు వంటి ఖనిజాలు తీస్తుంది. ఇంకోవైపు గోపాలపూర్ రేవు. ఈ రెంటి నడుమ సముద్రానికి అంటుకుని ఆర్యపల్లి.

ఊళ్ళో అడుగుపెట్టగానే చెవిన పడేది తెలుగే. ఇక్కడి ఒడియా వాళ్ళు నోలియాలు అనే మన జాలర్ల ఊళ్ళు గంజాం తీరం పొడవునా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గీత వీరికి అవతల పడింది గాని, సముద్రం మీద గీతలెక్కడివి? బడిలో ఒడియా, ఒడ్డున తెలుగు, షావుకారుతో రెండూ కలిపి మాట్లాడతారు.

ఆ రోజు కవ్వళ్ళు బాగా పడ్డాయి. ఇంజను బోట్లు ఒడ్డుకు చేరుతున్నాయి. ఆడవాళ్ళు గంపలతో నీళ్ళ అంచుదాకా వచ్చి నిలబడ్డారు. నేను వెతుక్కుంటూ వచ్చిన పెద్దాయన వల దులుపుతూ కనిపించాడు. నన్ను చూసి లేచి, "బాబుగారా! నోటీసేమీ తేలేదు గదా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

ఆ సంగతి చెప్పాలి. 2014 మొదట్లో నేను ఈ వైపు ఒక శాఖలో పనిచేసేవాణ్ణి. ఈయన కొడుకు వెల్డింగు నేర్చాడు. ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల కుర్రాళ్ళు గల్ఫుకు వెళ్ళి సంపాదిస్తున్నారని విని తానూ బయలుదేరాడు. ఏజెంటుకు ఇవ్వడానికి తల్లి గొలుసు, గాజులు మా బ్యాంకులో తాకట్టు పెట్టారు. కాగితం మీద సంతకం చేసింది నేనే. మాకు రోజూ నోట్లో నానే మాట "శాంక్షన్". లోను శాంక్షన్ అయిందంటే కొంపలో దీపం వెలిగినట్టు. ఆ ఏడాది పీపా చమురు నూటపది డాలర్లు దాటి ఉంది. సౌదీలో ఎక్కడ చూసినా కట్టడాలే. కుర్రాడు ఏడాదిన్నర సక్రమంగా డబ్బు పంపాడు. 2016లో ఆగిపోయింది. ఏడు నెలల జీతం రాలేదు. వడ్డీ పేరుకుంది. నగలు వేలం వేస్తామన్న నోటీసు మీద కూడా నా సంతకమే పడింది.

పెద్దాయన అప్పుడు బ్యాంకుకొచ్చి ఒక ప్రశ్న వేశాడు. "బాబూ, సమురు సవకైపోయిందంటన్నారు. సవకైతే మనకి మంచిదే గదా! మరి మావోడి జీతమెందుకాగింది? మా బోటుకి పోసే డీజిలెందుకు తగ్గలేదు?" కౌంటరు ముందు పదిమంది ఉన్నారు. ఏదో అని పంపేశాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదన్న వెలితి తొమ్మిదేళ్ళుగా మిగిలిపోయింది. అది చెప్పడానికే ఈ ప్రయాణం.

బోటు నీడన కూర్చున్నాం. కోడలు టీ తెచ్చింది. నేను కవ్వళ్ళ గంప చూపించి మొదలుపెట్టాను. ఈ రోజు అందరికీ కవ్వళ్ళే పడ్డాయి. ధర? "సగం" అన్నాడు. పట్నంలో కొనుక్కునేవాడికి పండగే. నీకు? ఆయన మాట్లాడలేదు. చమురు దేశాల సంగతీ ఇంతే. వాళ్ళకు పొలం లేదు, మగ్గం లేదు. ఒక్కటే వల, ఒక్కటే చేప. ఇరాక్ ప్రభుత్వానికి వచ్చే ఆదాయంలో తొంభై శాతం దాకా చమురు డబ్బే. 2014 జూన్‌లో నూటపది డాలర్లు దాటిన పీపా 2016 జనవరిలో ముప్ఫైకి దిగిపోయింది. సౌదీ వంటి ధనిక దేశానికే 2015లో దాదాపు తొంభై ఎనిమిది వందల కోట్ల డాలర్ల లోటు వచ్చింది. ప్రభుత్వం కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది. కాంట్రాక్టర్లు కూలీలకు జీతాలు ఆపారు. 2016లో జెడ్డా వైపు శిబిరాలలో వేలమంది మనవాళ్ళు తిండికి ఇబ్బంది పడితే భారత కాన్సులేటు వారు బియ్యం, పప్పులు పంచవలసి వచ్చింది. "మావోడూ ఆ బియ్యమే తిన్నాడు బాబూ" అన్నాడు పెద్దాయన.

ఇక డీజిలు మాట. చమురు చవకైన ఆ కాలంలోనే, 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపు, కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచింది. డీజిలు మీద లీటరుకు పదమూడు రూపాయల నలభై ఏడు పైసలు పెరిగింది. ధర తగ్గిన లాభంలో పెద్ద భాగం ఖజానాకు చేరింది. తప్పని నేననను, రోడ్లకూ పథకాలకూ డబ్బు కావాలి. కాని నీ బోటు దాకా ఆ చవక ఎందుకు రాలేదంటే కారణం అది.

"మరి శాంక్షన్ లంటే? టీవీలో రోజూ అంటన్నారు. శాంక్షనంటే లోనిచ్చుట గదా?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. మా కొలువులో శాంక్షనంటే ఇవ్వడం. దేశాల మధ్య శాంక్షన్ లంటే ఆపడం. తెలుగులో ఆంక్షలంటారు. కాని ఆర్యపల్లిలో చెప్పాలంటే దానికి ఇంకా మంచి మాట ఉంది, వెలి.

జాలరిపేటల్లో వెలి అంటే ఏమిటో వివరించక్కరలేదు. కులపెద్దలు తీర్పు చెబితే ఆ ఇంటికి నిప్పివ్వరు, చేప కొనరు, వలకు తోడు రారు. తప్పు కట్టి కాళ్ళమీద పడేదాకా అంతే. ఇరాన్‌ను 2012లో సరిగ్గా అలాగే వెలివేశారు. అణు కార్యక్రమం మీద తగువు. ఆ మార్చిలో ఇరాన్ బ్యాంకులను ప్రపంచ బ్యాంకుల సందేశ వ్యవస్థ స్విఫ్ట్ నుంచి తొలగించారు. జూలై 1 నుంచి ఐరోపా దేశాలు చమురు కొనడం మానేశాయి. రోజుకు ఇరవై లక్షల పీపాలకు పైగా అమ్ముకునే దేశం ఏడాది తిరిగేసరికి అందులో సగం అమ్ముకోవడమే కష్టమైంది. అమ్ముడుపోని నూనెను ఓడల్లో నింపి సముద్రం మీదే నిలబెట్టారు. ఐసు లేని రోజు చేపలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డట్టు.

వెలివేసిన ఇంటి చేప ఎవరూ కొనరా అంటే, కొంటారు. చీకటి పడ్డాక, తక్కువ ధరకు. ఇక్కడ మన బ్యాంకుల కథ వస్తుంది. ఇరాన్‌కు డాలర్లు పంపే దారులు మూసుకుపోయాక, 2012లో కలకత్తాలోని యూకో బ్యాంకులో రూపాయి ఖాతా తెరిచారు. మనం కొన్న చమురుకు నలభై ఐదు శాతం సొమ్ము ఆ ఖాతాలో రూపాయల్లో జమ. కాని ఆ రూపాయలతో ఇరాన్ డాలర్లు కొనలేదు. మన దగ్గరే బాస్మతి బియ్యం, టీపొడి, మందులు కొనుక్కోవాలి. తక్కిన సొమ్ము బాకీగా పేరుకుని, ఆంక్షలు సడలిన 2016లో గాని తీరలేదు.

పెద్దాయన వెంటనే అందుకున్నాడు. "షావుకారు సేతిలో పైసా ఎట్టడు. ఖాతాలో రాసుకుని, నా కొట్లోనే బియ్యం పట్టుకెళ్ళమంటాడు. అదేనా బాబూ?" అదే. ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో దీన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం నేను చదవలేదు.

ఇరాన్ దురదృష్టం ఇంకొకటుంది. 2015 జూలైలో ఒప్పందం కుదిరి, 2016 జనవరిలో వెలి ఎత్తేశారు. చేప అమ్ముకోవచ్చన్నారు. సరిగ్గా ఆ నెలలోనే పీపా ముప్ఫై డాలర్లకు పడిపోయింది. వెలి ఎత్తేసిన రోజునే సంతలో ధర పోయినట్టు. 2018 మేలో అమెరికా ఒప్పందం నుంచి తప్పుకుంది. 2019 మే నుంచి మనమూ ఇరాన్ చమురు కొనడం ఆపేశాం. 2015లో డాలరుకు ముప్ఫై వేలు పైచిలుకు ఉన్న వారి రియాలు 2025లో బజారులో పది లక్షలు దాటింది. పదేళ్ళు దాచుకున్న పింఛను డబ్బు, ఆడపిల్ల పెళ్ళికని కూడబెట్టిన డబ్బు, దేశంలో ఎవరూ దొంగిలించకుండానే ఆవిరైపోయింది. పాలించేవారి మీద వేసిన వెలి ముందుగా తగిలేది పొయ్యి మీది కుండకే. ఊళ్ళో వెలి అయినా అంతే కదా, తప్పు చేసింది ఇంటి యజమాని, పస్తు పడుకునేది పిల్లలు.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవడానికి వీలులేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యాను వెలివేశారు. చవకగా వస్తుందని మనం రష్యా చమురు కొన్నాం. అంతకుముందు రెండు శాతం కూడా లేనిది, 2023 నాటికి మన దిగుమతుల్లో మూడోవంతు దాటింది. దానికి జరిమానాగా 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద మరో ఇరవై ఐదు శాతం సుంకం వేసి, మొత్తం యాభై చేసింది. ఆ దెబ్బ ముందుగా తగిలిందెవరికి? మన రొయ్యకు. మన రొయ్యలను అందరికన్నా ఎక్కువ కొనేది అమెరికావారే. భీమవరం నుంచి చిలక దాకా చెరువుల రైతులు ధర ఎంతకు దిగుతుందోనని గుండె పట్టుకున్నారు. చమురు కొన్నది చమురు కంపెనీలు, తప్పు కట్టింది రొయ్యల రైతు.

ఎండ ఎక్కింది. బోటు నీడ మా కాళ్ళ దగ్గరికి కుదించుకుపోయింది. నేను చెబుతూ చెబుతూ ఊరిని చూశాను. ఆర్యపల్లి కూడా ఒక చమురు దేశమే అనిపించింది. ఒక్కటే వల, ఒక్కటే సముద్రం. మేము వెళ్ళిన రోజుకు సరిగ్గా పన్నెండేళ్ళ కిందట, 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఊరి సంపాదనంతా ఒడ్డున కట్టిన బోట్ల మీదే ఉంటే, ఒక్క రాత్రి చాలు. ఇక ఋషికుల్య ముఖద్వారంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ చుట్టుపట్ల వేట నిషేధం. తాబేలు బతకాలి, నిజమే. ఆ ఏడు నెలలు జాలరి కూడా బతకాలి.

మరోపక్క రేవు పెరుగుతోంది. 2024లో అదానీ సంస్థ దాన్ని కొన్నది. ద్రవరూప సహజవాయువు దింపుకునే టెర్మినల్ ఒకటి అక్కడ కట్టాలని పెట్రోనెట్ సంస్థ తలపెట్టింది. అంటే గల్ఫు సరుకు ఇకమీదట ఈ ఊరి కళ్ళముందే దిగుతుందన్నమాట. కాళ్ళకింది ఇసుకకూ కొత్త విలువ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాక, మోనజైటు ఉన్న ప్రతి తీరం వైపూ ప్రభుత్వాల చూపు మళ్ళింది. ఇవన్నీ ఊరికి రెండో వల అవుతాయా, ఉన్న ఒక్క వలనూ లాగేసుకుంటాయా అన్నది ఒప్పంద పత్రాల్లో ఊరి కుర్రాళ్ళ ఉద్యోగాల గురించి ఏం రాస్తారన్న దాని మీద ఉంటుంది. బ్యాంకువాణ్ణి కనుక ఒక్కమాట చెప్పగలను. అప్పులన్నీ ఒకే ఆసామికి ఇచ్చిన శాఖ ఎంత లాభం చూపించినా మా ఇన్స్పెక్టర్లు మెచ్చుకోరు. దేశానికైనా, ఊరికైనా, ఇంటికైనా ఆ నియమం ఒకటే.

చివరికి నేను అడగవలసిన మాట అడిగాను. నగలేమయ్యాయి? నేను బదిలీ అయి వెళ్ళాక జరిగిన కథ నాకు తెలియదు. పెద్దాయన బోటులో తన వాటా సగం అమ్మి, వేలానికి నాలుగు రోజుల ముందు గొలుసు విడిపించాడట. గాజులు పోయాయి. కొడుకు తిరిగొచ్చి కొన్నాళ్ళు వేటకు వెళ్ళి, తరువాత ఛత్రపురంలో చిన్న వెల్డింగు షాపు పెట్టాడు. బోట్ల చుక్కానులు, గేట్లు, కిటికీలు, ఏది వస్తే అది చేస్తున్నాడు. "ఇప్పుడు మా ఇంట్లో రెండు పన్లు బాబూ. సముద్రం పస్తెడితే షాపు, షాపు మూస్తే సముద్రం" అన్నాడు.

నేను చెప్పిన లెక్క ఆయనకు కొత్తేమీ కాదని అప్పుడర్థమైంది. జవాబు తనే బతికి తెలుసుకున్నాడు. నేను తొమ్మిదేళ్ళు ఆలస్యంగా చదివి వినిపించానంతే.

లేవబోతుంటే కోడలు ఒక సంచీలో కవ్వళ్ళు పోసి ఇచ్చింది. డబ్బు తియ్యబోతే పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఉంచండి బాబూ. ధర లేని రోజున ఇచ్చినది, లెక్కలో రాయకండి."