వదిన చేతిలోంచి జారిన గంట

మా వదిన మీద నింద 1984లో పడింది. దేవుడి గూడు తుడుస్తుంటే కంచుగంట జారి బండల మీద పడి అంచు పగిలింది. మూడు వారాలకు నాన్నగారు గుండెపోటుతో పోయారు. "గంట పగిలినప్పుడే అనుకున్నాను" అంది అమ్మ. ఆమె బతికున్నన్నాళ్లూ వదిన పూజగదిలో అడుగు పెట్టలేదు.

గంట పగలని ఇళ్లలో గుండెపోట్లు రావా అని నేను వాదించేవాణ్ణి. "ఇత్తడి చెంబు ఎన్నిసార్లు పడలేదూ? సొట్ట పడిందే గానీ పగిలిందా?" అనేది అమ్మ. బీకాం చదివి రక్షణశాఖ పద్దులు రాసుకునే నా దగ్గర దానికి జవాబు లేదు.

రిటైరయ్యాక విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కి బస్తర్ చూడబోయాను (ఆ లైను వేసిందే బైలాడిల్లా ఇనుప ఖనిజం కోసం). జగదల్‌పూర్‌లో దిగి కొండగావ్ వెళ్లాను. అక్కడ ఢోక్రా పనివాళ్లు మట్టిబొమ్మకు మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి ఖాళీ అయిన చోట లోహం పోస్తారు. అంగట్లో దాన్ని 'బెల్ మెటల్' అంటారు గానీ నేను చూసిన ముసలాయన మూసలో వేస్తున్నది పాత ఇత్తడి సామాను. కంచు వేయరా అని అడిగాను. ఇత్తడి తునకొకటి సుత్తితో కొట్టి వంచి చూపించి, "కంచయితే విరిగేది" అన్నాడు.

అమ్మ ప్రశ్నే అది! తిరిగొచ్చి పుస్తకాలు తిరగేశాను.

లోహంలో పరమాణువుల బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్కదాని సొత్తూ కావు, ఉమ్మడి ఆస్తి. అందుకే దెబ్బ తగిలితే పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి గానీ బంధం తెగదు. జింకు పరమాణువు రాగికి ఇంచుమించు సైజు. సుమారు 35 శాతం దాకా రాగిలో కలిసిపోతుంది, ఇత్తడి వంగుతుంది. తగరం పరమాణువు పెద్దది, అంతగా ఇమడదు. గంటల కంచులో తగరం 20 శాతం పైమాటే. మిగిలిపోయిన తగరం రాగితో కట్టుబడి వేరే గట్టి పదార్థమవుతుంది. అందులో పొరలు జారవు. రెండు మెత్తటి లోహాలు కలిస్తే గట్టిదొకటి పుట్టడం మా పద్దుల్లో ఎక్కడా కుదరని కూడిక! జారుడు లేదు గనుక కంపనం లోపలే అణగిపోదు, గంట ఖంగున మోగుతుంది. జారుడు లేదు గనుకే పడితే పగులుతుంది. మోగించే గుణమూ, పగలగొట్టే గుణమూ ఒక్కటే.

ఇదంతా వదినకు చెప్పాను. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. ఆ గంట ఇంకా ఆమె పెట్టెలోనే ఉంది. సాంతం విని, "ఈ మాట అత్తయ్యగారు ఉన్నప్పుడు చెప్పలేకపోయావా, అబ్బాయ్?" అంది.