చివరి దాకా పాడని ప్రేమ

అనీ ప్రూ 1997లో రాసిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' కథ చాలామందికి 2005లో వచ్చిన సినిమాగానే తెలుసు. ఛార్లెస్ వోరినెన్ దాన్ని ఒపేరాగా కట్టాడు. 2014 జనవరి 28న మాడ్రిడ్‌లో తొలి ప్రదర్శన. ఒపేరా రచన కూడా ప్రూదే.

కొండ మీద గొర్రెలు కాసే ఎన్నిస్, జాక్ అనే ఇద్దరు కుర్రాళ్ల ప్రేమ అది. బయటపడితే చంపేస్తారని ఎన్నిస్ భయం. వోరినెన్ ఆ భయాన్ని అతని గొంతులోనే పెట్టాడు. జాక్ మొదటి నుంచీ హాయిగా పాడతాడు. ఎన్నిస్ మాత్రం మాటకీ పాటకీ మధ్య పొడిపొడిగా అంటాడు, మెల్లమెల్లగా పాటలోకి వస్తాడు. జాక్ పోయాక అతని గదిలో ఎన్నిస్‌కు రెండు చొక్కాలు దొరుకుతాయి, జాక్ చొక్కా లోపల తన చొక్కా. గొంతు పూర్తిగా విచ్చుకునే వేళకి వినాల్సినవాడు లేడు. ఎంత అన్యాయం!

పాడి ఏడిపించడం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. చిలకమర్తివారి నాటకాల కాలంలో రాజమండ్రిలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు; కుర్రతనంలో టంగుటూరి ప్రకాశంగారూ కట్టారు. మగవాడు మగవాడి కోసం ప్రేమపద్యం పాడితే, మధ్యలో చీర ఉంది కనక, జనం వన్స్‌మోర్ కొట్టారు.

ఆ చీర తీసేసి ఈ కథ ఆడాలి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదంది. రాజమండ్రి ఆనం కళాకేంద్రంలో హార్మోనియం పెట్టి, ఎన్నిస్‌కు అంతవరకూ వచనమే ఇచ్చి, చొక్కాలు దొరికిన చోట తొలి పద్యం ముఖారిలో ఎత్తుకోవాలి.