కౌలాలంపూర్‌లో ఆగిపోయిన రాత్రి

2020 మార్చి 17 సాయంత్రం కౌలాలంపూర్ విమానాశ్రయంలో మా హైదరాబాద్ విమానం రద్దయింది. ఇది పోతే ఇంకోటి ఎక్కుదాంలే అనుకునే పరిస్థితి కాదది. కరోనా కారణంగా ఫిలిప్పీన్స్, మలేసియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి ఎవరినీ రానివ్వకూడదని, మధ్యాహ్నం మూడు దాటాక అక్కడి నుంచి భారతదేశానికి ఏ విమానమూ బయల్దేరకూడదని ఆ రోజే ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. మన మూడు గంటలంటే అక్కడ సాయంత్రం అయిదున్నర. మేం మనీలాలో విమానం ఎక్కేటప్పటికి అలాంటి మాటే లేదు.

నేనప్పుడు మనీలాలో చదువుతున్నాను. అక్కడ డాక్టరు చదువులోకి వెళ్లేముందు బీఎస్ చేయాలి, ఆ కోర్సులో ఉన్నాను. మాది హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్. నాన్న పూల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేస్తాడు. చేవెళ్ల వైపు రైతులు తెచ్చే బంతి, చామంతి మా దగ్గరికే ఎక్కువ వస్తాయి. నాతో ఉన్న స్నేహితురాలిది శ్రీకాకుళం జిల్లా, హాస్టల్‌లో ఇద్దరిదీ ఒకే గది. సెమిస్టర్ సెలవులకు కలిసి బయల్దేరి, దారిలో కౌలాలంపూర్‌లో దిగి, బతు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుని, ఉగాదికి ఎవరిళ్లకు వాళ్లం చేరాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ వచ్చాం. డబ్బులు కూడబెట్టుకున్నాం.

మార్చి 15న మనీలా నగరంలో ఆంక్షలు మొదలయ్యాయి. 17 నుంచి లుజాన్ దీవి మొత్తం మూతపడింది. విదేశీయులు వెళ్లాలనుకుంటే 72 గంటల్లో వెళ్లిపోవాలన్నారు. అక్కడ బస్సుల్లా తిరిగే జీప్నీలు ఆగిపోయాయి, కాలేజీకి తాళం పడింది. బతు గుహల మాట మర్చిపోయి, ఎక్కువ డబ్బు కట్టి టికెట్లు ముందుకు జరిపించుకున్నాం. ఎవరినో బతిమాలి కారులో తెల్లవారక ముందే ఎయిర్‌పోర్టుకు చేరాం.

కౌలాలంపూర్‌లో చౌక టికెట్ల విమానాలు దిగే టెర్మినల్‌ను అప్పట్లో కేఎల్ఐఏ2 అనేవారు. అక్కడ బోర్డు మీద మా విమానం పక్కన ఎర్రక్షరాలు పడేసరికి తెలుగు పిల్లలు చాలామందే పోగయ్యారు. దాదాపు అందరూ ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుకు వెళ్లినవాళ్లే. కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగితే తనకేమీ తెలియదంది. మలేసియా కూడా మర్నాటి నుంచి సరిహద్దులు మూసేస్తోంది, మేం బయటికి అడుగు పెట్టడానికి లేదు. మనీలాకు తిరిగి వెళ్దామంటే అక్కడా తలుపులు మూసుకున్నాయి. ఇటు మన దేశం రావద్దంటోంది. చేతిలో పాస్‌పోర్ట్ ఉంది, అది చూపిస్తే రానిచ్చే చోటే లేదు.

ఆ రాత్రి నాకు అన్నిటికంటే గుర్తున్నది చలి. పగలు పట్టని ఏసీ అర్ధరాత్రి దాటాక ఎముకల్లోకి పోయింది. గచ్చు మీద చున్నీలు పరుచుకుని పడుకున్నాం. ప్లగ్ పాయింట్ దగ్గర ఒక ఫోన్ తీస్తే ఇంకో ఫోన్ పెడుతున్నారు. వాట్సాప్‌లో ఒకరు రేపు విమానం ఉందంటారు, ఇంకొకరు అందరినీ వెనక్కి పంపేస్తారట అంటారు. ఏది నమ్మాలో తెలియక ఒక పిల్ల గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉంది.

రెండు గంటలప్పుడు నా స్నేహితురాలికి దగ్గు మొదలైంది.

ఆ రోజుల్లో దగ్గంటే ఏమిటో ఇప్పుడు చెబితే అర్థం కాదు. పక్కన పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, బ్యాగులు లాక్కుని దూరం జరిగారు, అంతే. మా చుట్టూ గచ్చు ఖాళీ అయిపోయింది. అది దుప్పటి ముక్క నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు జొరం లేదే, గొంతు పట్టేసిందంతే. నువ్వూ అటెల్లి పడుకో" అంది. "ఎటు పోవాల్నే, పండుకో" అన్నాను. దాని నుదురు మీద చెయ్యి వేసి చూశాను, మళ్లీ చూశాను, తెల్లారేదాకా చూస్తూనే ఉన్నాను. చల్లగానే ఉంది. అయినా విమానం అంటూ వస్తే ఎక్కే ముందు జ్వరం చూస్తారు కదా, అప్పుడు దీన్ని ఒక్కదాన్నే ఆపేస్తే ఏం చేయాలన్న ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు.

నాన్న ఫోన్ చేశాడు. మార్కెట్‌కు లోడ్లు దిగే వేళ అది, వెనకాల హమాలీల అరుపులు వినిపిస్తున్నాయి. "తిన్నవా బిడ్డా? ఫికర్ జెయ్యకు, ఎట్లనన్న తోల్కొస్తం" అన్నాడు. ఎట్లా తోల్కొస్తాడో ఆయనకూ తెలియదు. ఆ గొంతు వినగానే నాకు ఆకలి తెలిసింది. మా దగ్గర మిగిలింది ఫిలిప్పీన్స్ పెసోలే. రాత్రి వాటిని మార్చేవాళ్లు లేరు. ఎవరో తమిళ కుటుంబం వాళ్లు పిలిచి బన్నులు పెట్టారు.

తెల్లవారాక దగ్గుతూనే నా స్నేహితురాలు లేచి ఒక పని చేసింది. అనాటమీ నోట్సు వెనక పేజీలో గీతలు గీసి, పేరు, పాస్‌పోర్ట్ నంబరు, ఊరు, ఇంటి ఫోను అని గళ్లు పెట్టింది. ఆ పుస్తకం నా చేతికిచ్చి తిప్పమంది, తను వెళ్తే ఎవరూ ముట్టుకోరని. పేజీ నిండింది, ఇంకో పేజీ, ఇంకోటి. కొందరు ఇంటి నంబరుతో పాటు ఊళ్లో సర్పంచ్ నంబరు కూడా రాశారు. వాటిని ఫొటోలు తీసి భారత హైకమిషన్‌కు, తెలిసిన విలేకరులకు, ఇళ్లకు పంపాం.

విద్యార్థులను ఢిల్లీకి, విశాఖపట్నానికి తీసుకురావడానికి ఎయిర్ ఏషియా విమానాలకు అనుమతిచ్చామని విదేశాంగ మంత్రి జైశంకర్ ట్విట్టర్‌లో ప్రకటించారని తెలిసింది. హైదరాబాద్‌కు లేదు. నేను నా స్నేహితురాలితో పాటు విశాఖ వరుసలో నిలబడ్డాను. నుదుటికి ఎదురుగా జ్వరం చూసే తుపాకీలాంటిది పెట్టినప్పుడు తను కళ్లు మూసుకుంది. గొంతునొప్పి ఉందని తనే చెప్పింది. జ్వరం లేదు, వెళ్లమన్నారు.

18న విశాఖలో దిగాం. పరీక్షలు, ఫారాలు అయ్యాక అది వాళ్ల నాన్న వెంట వెళ్లింది. మేం తెలంగాణ పిల్లలం కొందరం కారు మాట్లాడుకుని బయల్దేరాం. ఇంట్లో నన్ను మేడ మీది గదిలో పెట్టారు. అమ్మ పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి రెండు మెట్లు దిగి నిలబడేది. 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటన. 25న శార్వరి ఉగాది. ఏడాదిలో నాన్న ఎదురుచూసే బేరాల్లో అదొకటి. గుళ్లు మూశారు, పెళ్లిళ్లు ఆగాయి. పూలు కోయించుకున్న రైతులు ఫోన్లు చేస్తుంటే ఏం చెప్పాలో తెలియక నాన్న మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

రోగం రాకుండా దేశం తలుపులు మూసుకోవడాన్ని నేను తప్పుపట్టను, నేను చదివేదే ఆ చదువు. కానీ అప్పటికే టికెట్ కొని దారిలో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా గంటల వ్యవధిలో మూయడం అన్యాయం. బయల్దేరినవాళ్లు దిగేదాకా ఆగి, దిగాక క్వారంటైన్‌లో పెట్టవచ్చు. మర్నాడు చేసింది ఇంచుమించు అదే కదా. ఆ పని ముందు రోజే చేసి ఉంటే అంతమంది పిల్లలు ఆ గచ్చు మీద పడుకునేవాళ్లు కాదు.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలై, అక్కడి ఆకాశం మూసేసినప్పుడు, మా వీధి ఆంటీ ఏడుస్తూ ఇంటికొచ్చింది. వాళ్లబ్బాయి అక్కడ మెడిసిన్ రెండో సంవత్సరం. ఫోన్ కలిపి నాకిచ్చింది. "అక్కా, ఏం జెయ్యాలె?" అన్నాడు. ముందు నోట్సు తీసి గళ్లు గీయమన్నాను. పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, ఇంటి నంబర్లు కాగితం మీద ఉండాలి, ఫోన్ చచ్చిపోతుంది. అందరి ఫోన్లూ ఒకేసారి వాడొద్దు. ఎవరికి జ్వరం వచ్చినా, కాలు బెణికినా వాళ్లను వదిలి ముందుకు పోవద్దు. ఈ చివరి మాట రెండుసార్లు చెప్పించుకున్నాను అతనితో. వాళ్ల గుంపంతా నడిచి, బస్సెక్కి, రొమేనియా సరిహద్దు దాటి, మన ప్రభుత్వం పంపిన విమానంలో ఢిల్లీలో దిగారు. ఎవరూ వెనక మిగల్లేదు.